మస్తాన్ గారి కొట్టూ, అనసూయమ్మ గారి ముల్లంగీ

మా అమ్మాయి కొత్త గేమ్ రిమోట్ డబ్బా విప్పగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఆట మాత్రం డబ్బాలో లేదు, డౌన్‌లోడ్ అవుతోంది. ఆ వాసనకి కాస్త అత్తరూ, యాలకుల టీ కలిపితే చాలు, నేను కళ్లు మూసుకుని గవర్నరుపేట సందులోని మస్తాన్ గారి గేముల కొట్టుకి నడిచి వెళ్లిపోగలను.

అగ్గిపెట్టెకి అన్నలాంటి కొట్టది. అందులో ప్రపంచంలోని ఆటలన్నీ, బెజవాడలోని దోమలన్నీ ఉండేవి. సేల్స్‌మన్‌గా నేనూ ఎలాగో ఇమిడాను. పాత క్యాసెట్ ఇచ్చి, పైన కొంత వేసి, వేరేది పట్టుకెళ్లడం అక్కడి పద్ధతి. ఎంతవరకు ఆడామో అదంతా ఆ క్యాసెట్‌లోనే భద్రంగా ఉండేది. కొన్నవాళ్లు కావాలంటే చెరిపి మొదలుపెట్టుకోవచ్చు. మస్తాన్ గారు మాత్రం కొట్టులో నన్ను చెరపనిచ్చేవారు కాదు. "మనుషులు కాపురముంటున్న ఇల్లోయ్, కూల్చకు" అనేవారు.

ఒక ఆదివారం, కొట్టు కిటకిటలాడుతుండగా, పటమట నుంచి అనసూయమ్మ గారు బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినట్టు ఏడుస్తూ వచ్చారు.

"మస్తాన్ గారూ, మా ఆయన నా పొలం అమ్మేశాడండీ!"

కొట్టంతా ఆవిడ చుట్టూ మూగింది. తీరా ఆరా తీస్తే, అది టీవీలో ఆడే వ్యవసాయం ఆట. ఏడాదిగా ఆవిడ పాలవాడు రాకముందే లేచి అందులో ఆవులకి మేత వేస్తున్నారట. భర్తగారు ఆ క్యాసెట్ మాకిచ్చేసి క్రికెట్ ఆట పట్టుకెళ్లారు. అది అప్పటికే కొండపల్లిలో, థర్మల్ కరెంటు కేంద్రం ఉద్యోగి శ్రీహరి గారింటికి చేరిపోయింది.

మస్తాన్ గారు షట్టర్ దించేశారు.

"ఆదివారమండీ, బేరాలు పోతాయి" అన్నాను.

"బేరం రేపైనా వస్తుంది. ఆయన చెరిపేస్తే ఆవిడ ఏడాది వస్తుందా? స్కూటరెక్కు!"

ఆ స్కూటర్ దగ్గుకి కొండపల్లి కొండ ఒక అంగుళం పక్కకి జరిగిందని నా నమ్మకం. శ్రీహరి గారు తలుపు తీయగానే మస్తాన్ గారు అడిగిన మొదటి మాట, "చెరిపేశారా?"

"లేదండీ. ఎవరిదో పంట, చూస్తూ చూస్తూ ఎండగొడతామా? నీళ్లు పెడుతున్నా" అన్నాడాయన. "ఓ మడి ముల్లంగి కూడా వేశాను. కోతకొచ్చింది, కోసిచ్చేస్తా. కూర్చోండి."

కూర్చున్నాం. ఆ కోత పూర్తయ్యేసరికి మా ఆదివారం కూడా పూర్తయింది. మస్తాన్ గారు ఆయనకి కొట్టులోని కొత్త ఆట ఇస్తానని మాటిచ్చి, క్యాసెట్‌ని జేబు రుమాలులో చుట్టి, చొక్కా లోపల గుండెకి ఆనించుకుని తెచ్చి, అనసూయమ్మ గారి చేతిలో పెట్టారు.

కొన్నేళ్లకి డౌన్‌లోడ్‌లు వచ్చాయి, బేరాలు పల్చబడ్డాయి. డౌన్‌లోడ్ అంటే ఏమిటో నేను వివరించబోతే ఆయన ఒకటే అడిగారు: "ఆడేశాక ఇంకొకళ్లకి ఇవ్వొచ్చా?"

"కుదరదండీ."

"అయితే ముల్లంగి ఎవరేస్తారోయ్?"

కొట్టు మూసినరోజు ఇద్దరం టీ తాగాం.

"నాన్నా, కొత్త ఆటకి గేమ్ బాక్స్‌లో జాగా చాలట్లేదు. ఇందులో ఎవరో సగం ఆడి వదిలేసిన ఆటుంది, తీసెయ్యనా?" అంటోంది ఇప్పుడు మా అమ్మాయి. మా ఇంట్లో వేసవి సెలవులు గడిపి వెళ్లిన మేనల్లుడిది కాబోలు.

"ఆగు తల్లీ, ముందు వాడికి ఫోన్ చెయ్" అన్నాను.