కాగితం అవతలి చివర పట్టుకున్నదెవరు

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే మా అమ్మ ముందు బీపీ చూస్తుంది. ఆవిడ ఉయ్యూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఇలాంటివి ఎవరు చెప్పినా పకపకా నవ్వేదాన్ని. ఇప్పుడు కూడా నవ్వుతూనే రాస్తున్నాను. కాకపోతే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. పదో తరగతిలో కళ్లకు జబ్బు చేసింది. ఎదురుగా చూస్తే మధ్యలో పెద్ద మసక మచ్చ. పక్కచూపు మాత్రం మిగిలింది. చీర రంగు తెలుస్తుంది, కట్టుకున్నదెవరో తెలియదు.

కిందటి వేసవి సెలవులకు ముందు మా ప్రింటింగ్ సారు పిలిచి మాట్లాడారు. రెండు రంగుల ప్రింట్లు, అచ్చం ఒకేలా ఉన్నవి ఐదు వేసుకొస్తే ఈ విభాగంలోనే ఉండొచ్చు, లేదంటే మట్టిబొమ్మల వైపు మారడం మంచిదన్నారు. నా మేలు కోరే అన్నారు. నాకు మట్టి ఇష్టమే. కానీ రంగు పట్టిన కాగితాన్ని చెక్కిన దిమ్మ మీద నుంచి లేపేటప్పుడు చిర్రుమని ఒక చప్పుడు వస్తుంది. అది వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు.

బొమ్మకు మా పెద్దమ్మను ఎంచుకున్నాను. అమ్మకు అక్క, పక్కింట్లోనే ఉంటుంది. ముఖం వేళ్లతో తడిమి చూసి, నోరు తెరిచి ఉన్నట్టే చెక్కాను. మూసి ఉన్నప్పుడు తడిమే అవకాశం దొరకలేదు మరి. ఆటోనగర్‌లో పనిచేసే మా బాబాయి ఇంజన్లలో వాడే రబ్బరు షీటు ముక్కలు తెచ్చిపెట్టాడు. దాని మీద గీత చెక్కితే వేలికి చక్కగా తగులుతుంది. పసుపుకు ఒక ముక్క, ముదురు నీలానికి ఒక ముక్క. ఇంట్లో అచ్చు మెషీన్ లేదు. రంగు పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దడమే.

చిక్కంతా రెండో రంగు దగ్గరే. పసుపు మీద నీలం సరిగ్గా కూర్చోవాలి. ఇవతలి మూలలు నా వేళ్లు చూసుకుంటాయి. అవతలి చివర కాస్త జారిందంటే పెద్దమ్మకు రెండు ముక్కులు వస్తాయి. పాత కాగితాల మీద వేసి చూసినప్పుడు వచ్చాయి కూడా. పసుపు అచ్చు పడిన మంచి కాగితాలు సరిగ్గా ఐదే మిగిలాయి. ఒక్కటి పాడైనా అంతే సంగతులు.

అవతలి చివర తను పట్టుకుంటానని పెద్దమ్మ మాటిచ్చింది. "నీకు దండం పెడతాను పెద్దమ్మా, కాగితం దించేటప్పుడు మాత్రం మాట్లాడకు" అని ముందురోజే బతిమాలాను.

మర్నాడు అమ్మ డ్యూటీకి వెళ్లింది. పెద్దమ్మ కోసం తలుపు తీసే ఉంచి, వసారాలో బల్ల దగ్గర నీలం రంగు పూస్తూ కూర్చున్నాను. పది గంటలప్పుడు బల్లకు అవతల లేత ఆకుపచ్చ చీర కనిపించింది.

"వచ్చావా? ఆ రెండు మూలలూ పట్టుకో" అన్నాను.

కాగితం అటువైపు బిగుతుగా లేచింది. జవాబు లేదు. పోన్లే, ఇన్నాళ్లకు నా మాట విందని సంబరపడ్డాను.

మూడో కాగితం దించబోతుంటే అటునుంచి మెల్లగా రెండుసార్లు లాగారు. ఆగాను. కాగితం వెంట్రుకవాసి ఎడమకు జరిగింది. అప్పుడు దించాం. ఈవిడకు ఈ పని ఎప్పుడు అబ్బిందా అని ఆశ్చర్యపోయాను. ఐదూ అయ్యాక, "ఫ్రిజ్‌లో మజ్జిగ ఉంది, తాగి వెళ్లు పెద్దమ్మా" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. వచ్చేసరికి ఎవరూ లేరు. మజ్జిగ అలాగే ఉంది.

సాయంత్రం పెద్దమ్మ గొంతు వీధి మొదట్లోనే వినపడింది.

"ఏమీ అనుకోకే అమ్మాయ్! పామర్రులో మా ఆడపడుచు జారిపడిందని తెల్లారగట్ల ఫోనొచ్చింది. నీకు చెప్పే తీరిక లేక ఉన్నపళాన బస్సెక్కేశాను."

ఆవిడ కట్టుకున్నది మెరూన్ చీర.

జరిగిందంతా చెప్పాను. పెద్దమ్మ భయపడలేదు, చిన్నబుచ్చుకుంది. "ఐదు కాగితాలయ్యేదాకా నోరు మెదపకుండా కూర్చున్నది నేనేనని ఎట్లా అనుకున్నావే?"

అమ్మ వచ్చీ రాగానే నా బీపీ చూసింది. బాగానే ఉంది. తర్వాత ప్రింట్లను లైటు కింద పెట్టి భూతద్దంతో వెతికింది. ఐదింటికీ అవతలి రెండు మూలల్లో లేత నీలం రంగు బొటనవేలి గుర్తులు ఉన్నాయి. మా ముగ్గురి వేళ్లకూ రంగు పూసి ఇంకో కాగితం మీద వేయించి, పక్కన పెట్టి చూసింది. ఎవరివీ కలవలేదు. ఆ వేళ్లు మా అందరి వేళ్లకంటే వెడల్పట. ఒకదాని మధ్యలో అడ్డంగా సన్నని గీత, ఎప్పుడో తెగి మానినట్టు ఉందట.

మా వీధిలో ఇంటింటికీ వెళ్లి అడిగాం. ఎవరూ రాలేదన్నారు. తలుపు తీసి ఉంది కాబట్టి ఎవరో వచ్చే ఉంటారని అమ్మ తేల్చేసింది. వచ్చినవాళ్లకు ఈ పని ఎలా తెలుసని పెద్దమ్మ అడిగితే మాత్రం, అమ్మ అన్నం ఉడుకుతోందని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాలేజీ తెరిచాక సారు ఆ ఐదింటినీ వరసగా పరిచారు. ఐదుగురు పెద్దమ్మలు నోరు తెరుచుకుని ఆయన వైపు చూస్తున్నారు కాబోలు, ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "నువ్వెక్కడికీ మారక్కర్లేదమ్మా" అన్నారు. నాకు గాల్లో తేలినట్టయింది.

"ఒక్కదానివే వేశావా?" అని అడిగారు.

"లేదు సార్. అవతలి చివర ఇంకొకరు పట్టుకున్నారు."

"అయితే కింద నీ పేరు పక్కన వాళ్ల పేరు కూడా రాయి. అది మర్యాద."

 పెన్సిల్ తీసుకుని నా పేరు రాసి, పక్కన కాస్త చోటు వదిలాను. ఐదింటి మీదా అంతే.

ఇప్పుడు కాగితం మూలలకు అట్టముక్కలు ఆనవాలుగా పెట్టుకుని ఒక్కదాన్నే వేస్తున్నాను. బాగానే వస్తున్నాయి. ఆ రోజు వచ్చిందెవరో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. నా కళ్లు పొరబడి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఆ కాగితం బరువు సగమే నా చేతుల్లో ఉంది.