కుడిచెవి వైపు అడుగులు

నవ్య ఇనుప షెడ్డులో క్రేన్ నడుపుతుంది. కప్పు కింద పట్టాల మీద కదిలే కేబిన్‌లో కూర్చుని పదేసి టన్నుల దూలాలను ఎత్తి దించుతుంది. ఇరవై ఆరేళ్లకే ఇంత ఓర్పేమిటని ఆమె ఉండే బిర్సానగర్‌లో చెప్పుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేతికి తీసుకోగానే ఆ ఓర్పు ఏమైపోయేదో ఆమెకే తెలియదు.

ఆమె ఆడేది నలుగురు జట్టుగా దిగి, తక్కిన జట్లను కాల్చే ఆట. చిక్కల్లా జట్టుతోనే. మిగతా ముగ్గుర్నీ ఆటే ఎక్కడెక్కడినుంచో ఏరి తెచ్చి కలుపుతుంది. ఒకడు దిగీ దిగగానే బండెక్కి పారిపోతాడు. ఒకడు మూల గదిలో దాక్కుని బయటికి రాడు. మరొకడు పక్కవాడు పడిపోతే లేపడం మాని వాడి సంచి దోచుకుంటాడు. నెలంతా ఆడి ఎక్కిన ర్యాంకు ఒక్క పూటలో జారిపోయేది. ఆడగొంతు వినబడితే మగవెధవలు ఏం కూస్తారో రెండుసార్లు విన్నాక మైకు కట్టేసి, నల్లతాచు అనే అర్థంలో 'కాలాసాంప్' అని పేరు పెట్టుకుంది. తిట్లన్నీ టైపు చేసేది, హిందీలో, ఘాటుగా. తెలుగువాళ్లయితే కాస్త బుద్ధిగా ఆడతారేమోనని ఈమధ్యే ఆటలో జట్టు భాషను తెలుగుకి మార్చింది.

ఆ ఆదివారం జట్టులో ఇద్దరు మొదట్లోనే చచ్చారు. మిగిలినవాడు జాగ్రత్తగానే నడుస్తున్నాడు గానీ, కుడివైపు నుంచి శత్రువు అడుగుల చప్పుడు దడదడా వస్తున్నా తిరగడు. మూడుసార్లు పడిపోతే మూడుసార్లూ నవ్యే లేపింది. నాలుగోసారికి ఒళ్లు మండిపోయింది.

"బెహరే హో క్యా? చెవుల్లో సీసం పోసుకున్నావా?" అని టైపు చేసింది.

అవతల మైకు తెరుచుకుంది.

"తిట్టకు బాబూ. నాకు కుడి సెవి ఇనబడదు. ఆరేళ్లయింది. ఇంట్లో కూడా ఎవులికీ సెప్పలేదు. కంపెనీలో తెలిత్తే ఉంచరు. నీ మొకం నాకు తెలీదు గనక సెప్తన్నాను."

నవ్య ఆ గొంతును గుర్తుపట్టింది. నాలుగేళ్లుగా రోజూ వాకీటాకీలో వింటున్న గొంతది. తవిటయ్య బాబాయ్. నేల మీద నిలబడి, చెయ్యూపి, ఆమె ఎత్తిన ప్రతి బరువుకీ దారి చూపే సిగ్నల్‌మాన్.

తెర మీద ఆమెను ఎవడో కాల్చేశాడు. ఆమె చూడనే లేదు. కిందటి బుధవారం కళ్లముందు ఆడుతోంది. దూలం ఆయన వెనకగా ఊగుతూ వచ్చింది. మూడుసార్లు హారన్ కొట్టింది. ఆయన కదల్లేదు. ఆఖరి క్షణంలో ఆపి, 'ఎంత ధైర్యమో ముసలాయనకి' అనుకుంది. ధైర్యమా! ఎడమ చెవికి వాకీటాకీ ఆనించుకున్నాడు. రెండో చెవి చచ్చిపోయింది. హారన్ ఆయనకు వినబడనే లేదు.

సోమవారం నవ్య క్రేన్ నిచ్చెన ఎక్కలేదు. వాకీటాకీ ఎడమ చెవికి ఆనించుకుని నిలబడ్డ తవిటయ్యకు కుడిపక్కన చేరి, "బాబాయ్, పక్కకి తప్పుకో, లోడు వస్తోంది!" అని కేకేసింది.

ఆయన ముందుకే చూస్తున్నాడు. రెప్ప కూడా వేయలేదు.

నవ్య ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏటి పాపా, పైకి ఎక్కలేదేటి?"

"ఎక్కను. నీకు కుడి చెవి వినబడదు."

ఆయన మొహం పాలిపోయింది. "ఎవులు సెప్పినారు నీకు?"

"నువ్వే చెప్పావు. నిన్న ఆటలో. కాలాసాంప్ నేనే."

తవిటయ్య దూలాల దొంతి మీద కూలబడ్డాడు. "అన్నన్ని తిట్లు... నువ్వా?" అన్నాడు.

ఆమెకు తలెత్తాలనిపించలేదు. అయినా అంది: "తిట్టినందుకు కొట్టు బాబాయ్. కానీ నా హుక్కు కింద నువ్వు చస్తే నేను బతకలేను. షెడ్డు ఇన్‌చార్జికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆయనే వెళ్లాడు. ఆయన నడుస్తుంటే నవ్య వెనకే, ఎడమవైపున నడిచింది.

డాక్టరు నరం పోయిందన్నాడు, ఇక రాదన్నాడు. తవిటయ్యను పనిలోంచి తీసెయ్యలేదు, పనిముట్ల గదికి మార్చారు. ఆ వారమే కింద పనిచేసే పదకొండుమందికీ చెవి పరీక్షలు చేయించారు. నలుగురికి ఏదో ఒక చెవి సరిగా లేదు. అందులో ఒకరు పరీక్షలు పెట్టించిన ఇన్‌చార్జే. ఆ కాగితం చూసి ఆయన కుర్చీలోంచి లేవలేకపోయాడట.

తవిటయ్య నెలరోజులు నవ్యతో మాట్లాడలేదు. ఆయన భార్య అసిరమ్మ మాత్రం డాక్టరు చెప్పిన మర్నాడే నవ్య ఇంటికొచ్చింది. గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆరేళ్ల బట్టీ పిలిత్తే పలకడు, సూడడు. నానంటే గిట్టక అనుకున్నానే పాపా. ఆరేళ్లు! ఎన్నేసి మాటలన్నానో ఆ మనిసిని..."

నవ్య పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.