నన్ను కోచ్‌ని చేసినవాళ్లు

బాస్కెట్‌బాల్ అనే ఆటను నేను మొదట చూసింది జమ్మలమడుగులో, మా బడి వెనక ఉన్న మట్టి నేల మీద. మా డ్రిల్లు టీచరమ్మ కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బంతిని రెండు చేతులతో ఎత్తి రింగులో వేసేది. నా చదువు అయిపోగానే ఆమె మా ఇంటికి వచ్చింది. మా నాయన ఆసుపత్రిలో కాంపౌండరు.

"ఈ పిల్లను మద్రాసుకు పంపప్పా. ఆటలు నేర్పే ట్రైనింగులో చేర్చు" అంది.

"నర్సు పనైతే పదిమందీ ఒప్పుకుంటారు. ఈ ఎగిరే పనికి ఎవరొప్పుకుంటారమ్మా?" అన్నాడు నాయన.

"నేనొప్పుకుంటాండా. చాల్లే" అంది ఆమె.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో మద్రాసు మాకు పరాయి రాష్ట్రమైపోయింది. అయినా నాయన నన్ను రైలెక్కించాడు. తిరిగి వచ్చాక పులివెందులలో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేరాను. అక్కడ బాస్కెట్‌బాల్ లేదు. గుడ్డపీలికలతో బంతి చుట్టి, పిల్లలకు విసరడం, పట్టుకోవడం నేర్పాను. రెండేళ్ల తర్వాత ప్రొద్దుటూరు కాలేజీలో ఆడపిల్లల ఆటలకు మనిషి కావాలని తెలిసి అర్జీ పెట్టాను. ఉద్యోగం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. నాకు ఇరవై మూడేళ్లు.

కాలేజీలో ఆడపిల్లలే తక్కువ. వాళ్లలో ఆటకు వచ్చినవాళ్లు ఎనిమిది మంది. ఎద్దులబండి చక్రాలకు పట్టాలు వేసే కమ్మరాయన మాకు రింగులు చేసిచ్చాడు. మొదటివారమే ఇద్దరు పిల్లలు పరికిణీ అంచులు తొక్కుకుని బోర్లా పడ్డారు. ఒకమ్మాయికి మోచేయి చెక్కుకుపోయింది. ఆమె మా జట్టులో అందరికన్నా పొడవు. వాళ్ల నాన్న బజారులో దర్జీ.

మర్నాడు ఆయన కాలేజీకి వచ్చాడు. కూతుర్ని మానిపించడానికే వచ్చాడనుకున్నాను.

"ఏందమ్మా ఇది? ఈ బట్టల్తో ఎగిరితే పడరా?" అన్నాడు ఆయన. నేను క్షమించమన్నాను. ఆయన నా మాట పట్టించుకోకుండా జేబులోంచి కొలతల టేపు తీశాడు. "ఈ కొలతల టేపు తీస్కో. పిల్లోల్ల కొలతలు నువ్వే తీసి రాసియ్యి. పైజామాలు, పొడుగు చొక్కాలు కుట్టిస్తా. మా పాపకు ఒక్కదానికే కుడితే బాగుండదు, అందరికీ కుడ్తా."

ఆయన కుట్టిచ్చిన తెల్ల పైజామాలు వేసుకునే మా పిల్లలు కడపలో మొదటి పోటీకి దిగారు. నేను గీత బయట నిలబడి మొదటి నుంచీ చివరిదాకా అరుస్తూనే ఉన్నాను. ఇటు విసురు, అటు పరిగెత్తు, నీకు కళ్లు లేవా అని. చిత్తుగా ఓడిపోయాం. వచ్చేటప్పుడు బస్సులో ఎవరూ నోరు విప్పలేదు.

రెండు రోజుల తర్వాత దర్జీ కూతురు ఒక్కతే నా గదికి వచ్చింది.

"ఒక మాట చెప్తా, కోప్పడరు గదా మేడం?"

"చెప్పు."

"మీరు అరుస్తాంటే మాకు బంతి కనపల్లేదు. మీ మొగమే కనపడ్తాండె."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మద్రాసులో చదివి వచ్చిన నాకు ఈ పిల్ల చెప్పేదేంటి అనిపించింది. కానీ ఆమె ఇంకా గడప దాటి లోపలికి రాలేదు. ఎంత భయపడుతూ వచ్చిందో అప్పుడు అర్థమైంది.

"అయితే నన్నేం చేయమంటావు?" అన్నాను.

"ఈడ ఎంతైనా నేర్పండి. ఆడికి పోయినంక మమ్మల్ని ఆడనీయండి."

ఆ ఏడాదంతా నా పద్ధతి మార్చుకున్నాను. ఆట మధ్యలో ఆపి, "ఇప్పుడు నీకు ఎవరు ఖాళీగా కనపడ్డారు?" అని అడిగేదాన్ని. మొదట్లో బిత్తరచూపులు చూశారు. తర్వాత తర్వాత నాకు కనపడనివి కూడా చెప్పడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు మళ్లీ కడప వెళ్లాం. నేను బెంచీ మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకున్నాను. అరవకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మొదటి ఆట గెలిచారు! దర్జీ ఆ పూట కొట్టు మూసి వచ్చాడు. "శానా బాగా ఆడిరి" అని పిల్లల్లో ఒక్కొక్కరికీ చెప్పాడు. మధ్యాహ్నం రెండో ఆట ఓడిపోయాం.

బస్సు ఎక్కామో లేదో గొడవ మొదలైంది. బంతి ఎవరికి ఇచ్చి ఉండాల్సింది, ఎవరు ఆలస్యంగా పరిగెత్తారు అని ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నన్ను తీర్పు చెప్పమని ఒక్కరూ అడగలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు, ఎందరికో ఆట నేర్పాను. ఆ ఎనిమిది మందికి రుణపడ్డంతగా మరెవరికీ పడలేదు. ఆ రోజు నేను కిటికీ పక్కన కూర్చుని, ప్రొద్దుటూరు వచ్చేదాకా వాళ్ల వాదన వింటూ ఉన్నాను.