కొమురయ్య కుక్కకు మిగిలిన విత్తు

పోలీస్ యాక్షన్ జరిగిన సంవత్సరం నేను మెదక్ పశువుల దవాఖానలో డ్రెస్సర్‌ని. మిలటరీ బండ్లు వచ్చిపోయి నెల దాటింది. కార్తీకం. కంపౌండర్ ఆ గడబిడలో ఊరు విడిచిపోతే దవాఖానలో డాక్టర్ సాబ్, నేను మాత్రమే మిగిలాం. గాయం కడగడం, కట్టు కట్టడం, పశువును పట్టి పడేయడం డ్రెస్సర్ పని. జబ్బు పేరు చెప్పే అధికారం డాక్టర్‌ది. నాలుగో తరగతి చదివిన నాకు ఆ హద్దు బాగా తెలుసు.

ఒక పొద్దున టేక్మాల్ వైపు నుంచి గొర్లు కాసే కొమురయ్య తాత ఎద్దుల బండి మీద వచ్చాడు. గొంగడిలో చుట్టి తన కుక్క భైరిగాన్ని తెచ్చాడు. దొడ్డికి కూర్చుంటే కుక్క గడియసేపు ముక్కుతుందట.

“నవారు పట్టీ లెక్క పల్సగ వస్తది సాబ్. ఉచ్చల నెత్తురు చుక్కలు పడ్తున్నయి. ఎండకాలంల తుపాకులోళ్లు మా రెండో కుక్కను కాల్చిర్రు. గీడొక్కడే మిగిలిండు. వీడు పోతే తోడేండ్లు మందను ఉంచుతయా?”

డాక్టర్ సాబ్ వేలికి ఆముదం రాసుకొని కుక్క వెనక నుంచి లోపలికి పోనిచ్చి, రెండో చేత్తో పొత్తికడుపు నొక్కి చూశారు. మూత్రసంచి మెడ చుట్టూ ఉంగరంలా ఒక గ్రంథి ఉంటుంది. డాక్టర్లు ప్రోస్టేట్ అంటారు. మగకుక్కకు వయసు మీరితే విత్తుల, అంటే వృషణాల, బలంతో అది ఉబ్బుతుంది. అప్పుడు రెండు పక్కలా సమానంగా, నున్నగా తగులుతుంది. విత్తులు తీసేస్తే తగ్గిపోతుంది. క్యాన్సర్ అయితే గట్టిగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది. భైరిగాని గ్రంథి నిమ్మకాయంత ఉంది. కానీ విత్తుల తిత్తి ఖాళీ. విత్తులు తీయించారా అని డాక్టర్ సాబ్ అడిగారు.

“తీయించినం సాబ్, చిన్నప్పుడే.”

ఆయన ముఖం మారిపోయింది. విత్తులు లేని కుక్కకు ఈ గ్రంథి చింతగింజలా ఎండి ఉండాలి, ఆ బలం లేకుండానే పెరిగిందంటే అది వట్టి వాపు కాదు, క్యాన్సరే అన్నారు. మందు లేదు. కొద్దిరోజుల్లో మూత్రం బంద్ అయి నరకం చూస్తుంది. మత్తులోనే ప్రాణం పోయేలా క్లోరోఫారం తెమ్మని నాకు చెప్పారు. నెలల తరబడి దారులు మూతపడి మందులు రాలేదు. ఉన్నది ఒక్క సీసా.

కొమురయ్య తాత కుక్క తల మీద చెయ్యి వేశాడు. “నొప్పి లేకుంట పోనియ్యుండ్రి సాబ్,” అన్నాడు.

నేను వరండాలో భైరిగాని మూతికి గుడ్డ కడుతున్నాను. అప్పుడే బజారు ఆడకుక్క ఒకటి గేటు ముందు నుంచి పోయింది. కార్తీకం కదా, వెనక నాలుగు మగకుక్కలు. రెండు రోజులుగా నిలబడలేని భైరిగాడు లేచి, తాడు నా చెయ్యి కోసేలా అటు గుంజాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“సాబ్, జర గిటు చూడుండ్రి. విత్తులు లేనోనికి గీ యావ యాడికెళ్లి వచ్చె?”

డాక్టర్ సాబ్ సీసా కింద పెట్టారు. తర్వాత కొమురయ్య వైపు తిరిగి, ఎన్ని తీశారని అడిగారు.

“ఒక్కటే సాబ్. రెండోది పుట్టనే లేదన్నడు మా ఊర్ల విత్తులు తీసే పోశయ్య. ఉన్నది తీసిండు. తీసినట్టే గద!”

“గా మాట ముందుగల్ల చెప్పొద్దా తాతా?” అన్నాను.

“తీయించినవా అని అడిగిర్రు, చెప్పిన. ఎన్ని అని అడిగిర్రా బిడ్డా?”

డాక్టర్ సాబ్ కుక్కను వెల్లకిలా పడుకోబెట్టించి గజ్జలు తడిమారు. నా వేలు పట్టి అక్కడ పెట్టారు. చర్మం కింద రేగుపండంత గుండు అటూ ఇటూ జారుతోంది. కిందికి దిగకుండా ఆగిపోయిన రెండో విత్తు. లోపల గ్రంథి తన వేలికి నున్నగానే తగిలిందని, కొమురయ్య మాట విని తన వేలిని నమ్మలేదని ఆయన ఒప్పుకున్నారు.

చంపడానికి తీసిన సీసానే మత్తుకు వాడాం. నేను గుడ్డ మీద చుక్కలు వేస్తుంటే ఆయన గజ్జల్లో కోసి, విత్తు తీసి, పట్టుదారంతో కుట్టారు. మాట మాత్రం ఇవ్వలేదు. మూడు వారాల్లో గ్రంథి తగ్గితే వాపు, తగ్గకపోతే తన మొదటి మాటే నిజం అన్నారు.

నాలుగో వారం కూడా సగమైంది. కొమురయ్య జాడ లేదు. రోజూ గేటు వైపు చూడటం నాకు అలవాటైంది. అంగడి రోజున, ముందు భైరిగాడు వచ్చాడు, వెనక సీతాఫలాల గంపతో తాత. కుక్క మా గేటు స్తంభం దగ్గర కాలెత్తి ధారగా పోసింది. అంత సంతోషంగా నేను ఏ ఉచ్చనూ చూడలేదు. డాక్టర్ సాబ్ ఆముదం సీసా అందుకున్నారు.

“మల్ల యేలు పెడ్తరా సాబ్? ఇగ గాడు కరుస్తడు!” అన్నాడు తాత.

గ్రంథి సగానికి తగ్గింది. డాక్టర్ సాబ్ చెయ్యి కడుక్కొని ఒక సీతాఫలం విప్పి నాకు చూపించారు. గ్రంథి లోపలా ఇలాగే తొనల వంటి అరలు ఉంటాయి, విత్తుల బలానికి ఉబ్బేవి అవే, మధ్యలో కాడలాంటివి నాళాలు అన్నారు.

చాలా ఏండ్ల తర్వాత వచ్చిన ఒక చిన్న డాక్టరుకు ఈ సంగతి చెప్పాను. కుక్కల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా తొనల్లో కాక కాడ లోపలి పొర కణాల్లో పుడుతుందని, అందుకే విత్తుల మాట వినదని, విత్తులు తీసిన కుక్కలకూ వస్తుందని ఆయన వివరించారు. కొన్ని గడ్డలు గ్రంథి గొట్టాల్లా, కొన్ని మూత్రసంచి లోపలి పొరలా, కొన్ని రెండూ కలిసి ఉంటాయట. ఏది ఏదో తేలాలంటే ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. మా దగ్గర అప్పుడు ఉన్నవి ఒక వేలు, ఒక ప్రశ్న. ఆ ప్రశ్న మేం సగమే అడిగాం.

భైరిగాని తర్వాత, రిటైరయ్యే దాకా, మగకుక్క వస్తే విత్తులు తీయించారా అని నేను అడగలేదు. ఎన్ని తీశారని అడిగాను. జవాబు విన్నాక కూడా గజ్జలు తడిమి చూశాను.