రాసుకునేవాడి వెనకాల వచ్చేవాడు

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన తొలి కరువుల్లో, ముదిగుబ్బ వైపు పల్లెల్లో పశువులను లెక్కించే పని నాకు అప్పగించారు. లెక్కకెక్కిన పశువుకే గడ్డి కేంద్రంలో మేత ఇచ్చేవారు. అందువల్ల చాలామంది ఉన్నవాటికి ఒకటో రెండో కలిపి చెప్పేవారు. నేను కళ్లతో చూసినవే రాసేవాణ్ణి.

ఒక ముసలి రైతు కొట్టంలో రెండు ఎద్దులున్నాయి; తనకున్నవి ఆ రెండేనని చెప్పాడు. పశువులను కట్టేసే గూటాలు మాత్రం ఆరు. ఖాళీగా ఉన్న నాలుగు గూటాల దగ్గర కూడా పేడ ఇంకా పచ్చిగానే ఉంది. తక్కువ చెప్పే రైతును అంతవరకు నేను చూడలేదు. దొంగ పశువులేమోనని అనుమానించాను.

"తాతా, మిగతా నాలుగు యాడ?"

"యాడివి నాలుగు? కండ్లకు కనపడేవి రాసుకో."

"గూటాలు ఆరుండాయే."

"గూటాలు గడ్డి తింటాయా ఏమప్పా?"

గడపలోంచి ఆయన కోడలు కలగజేసుకుంది. "బర్మాలో పట్టిన బుద్ధి సార్ అది. మేత లేకపోతే ఆ నాలుగూ ఈ ఎండలకు సచ్చిపోతాయి."

ఆయన వయసులో ఉండగా కరువుకు ఊరు విడిచి, రంగూన్ ఓడ ఎక్కాడట. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడే చిక్కుకుని వరి పొలాల్లో కూలి చేశాడట.

"జపానోళ్లూ నీ మాదిరే పుస్తకం పట్టుకోని వచ్చినారు," అన్నాడు. "ఎడ్లెన్ని, బండ్లెన్ని అని మర్యాదగా అడిగి రాసుకున్నారు. నెల తిరక్కముందే అన్నీ తోలుకపోయినారు. వాళ్లే అచ్చేసిన నోట్లు చేతిలో పెట్టినారు, యుద్ధం అయిపోయినాక అవి యాడా చెల్లలేదు. దున్నేకి ఎద్దు లేక మడులన్నీ బీడు పడినాయి."

"ఇది మేత ఇచ్చేకి రాసే లెక్క తాతా."

"వాళ్లూ మంచికే అన్నారు."

పత్రంలోని ప్రతి గడినీ నా చేత పైకి చదివించాడు. బండి లాగే పశువులను వేరుగా చూపమనే గడి దగ్గర ఆపాడు.

"మేత ఇచ్చేకి ఇదెందుకు?"

నిజంగా నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. "తెలీదని వాళ్లెప్పుడూ అనలేదు," అంటూ లేచి వాగు వైపు వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన వెనక రెండు ఆవులున్నాయి.

"నాలుగు. రాసుకో."

కోడలు లోపలికి వెళ్లిపోయింది. నాలుగింటికి ఇచ్చే మేతను ఇక ఆ వేసవంతా ఆరు పశువులు తినాలి. నేను చూసినవి నాలుగే కాబట్టి నాలుగే రాశాను. వేలిముద్ర వేసే ముందు ఆయన ఆ అంకెను నా చేత మరోసారి చదివించుకున్నాడు.