గంగపన్ను ఏరే మా అత్త

నా రాత బాగుండదని ముందే చెబుతున్నాను. మంథనిలో నాలుగో తరగతి దాకా చదివాను. పెళ్లయ్యాక కలం పట్టింది లేదు. ఒత్తులు, దీర్ఘాలు ఉండవలసిన చోట ఉండకపోవచ్చు. అక్షరాలు వంకరగా ఉన్నాయని పక్కన పెట్టకండి, చివరిదాకా చదవండి. మా అత్త చనిపోయింది. మిరుగం కార్తె తొలి వానలు పడ్డ మూడో రోజు పొద్దున, వాగు పక్కన ఎర్రమట్టి గడ్డ విరిగి ఆమె మీద పడింది. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

మీ పత్రికలో పోయినవాళ్లను తలుచుకుంటూ రాసినవి వేస్తారు. వాటిలో పంతుళ్లు ఉంటారు, పెద్ద మనుషులు ఉంటారు. మా అత్త వేలిముద్ర వేసే మనిషి. కానీ మా ఊళ్లో ఇప్పుడు నడిచి తిరుగుతున్న పిల్లల్లో సగం మంది మెడకు ఆమె దారం కట్టింది.

మా ఊరు ప్రాణహిత ఒడ్డున ఉంది. మేము గంగ అనే అంటాము. ఊరి వాగు గంగలో కలిసే చోట ఎర్రమట్టి గడ్డలు నిలువెత్తున ఉంటాయి. వాన పడితే ఆ మట్టి కరిగి కింద ఇసుక మీదికి జారుతుంది. ఆ జారిన మట్టిలో అప్పుడప్పుడు పళ్లు దొరుకుతాయి. చిటికెన వేలి గోరంత ఉంటాయి, నల్లగా నిగనిగలాడతాయి, ఒక కొనన మొన ఉంటుంది. రాయి అయిపోయిన పళ్లు. మా వాళ్లు గంగపన్ను అంటారు. పసిబిడ్డకు పళ్లు వచ్చే ముందు దాన్ని పసుపు దారంతో మెడకు కడితే జ్వరం తగలదని నమ్మకం. బిడ్డకు మొదటి పాలపన్ను ఊడిన రోజు ఆ దారం విప్పి గంగలో వదిలేస్తారు.

ఏ బిడ్డ పేరున ఏరిన పన్ను ఆ బిడ్డకే పనికి వస్తుంది. ఏరే మనిషి నిద్ర లేచింది మొదలు అది దొరికేదాకా నోరు విప్పకూడదు. ఒక్క మాట జారినా ఆ రోజుకు అంతే, ఇంటికి తిరిగి రావలసిందే. అందుకే ఊరి ఆడవాళ్లు ఎవరూ ఆ పనికి పోయేవాళ్లు కాదు, మా అత్తను పిలిచేవాళ్లు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మాట్లాడేదాన్ని కాదు. ఎవరేం అడిగినా తల వంచుకునేదాన్ని. బావి దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఒకరోజు అత్త బిందె దించి వాళ్ల ముందే అంది:

"మూగదాన్ని తెచ్చుకున్నమని మంది అంటుండ్రు. నాకైతే మంచిగనే ఉన్నది. పన్ను ఏరవోతే గిసొంటిదే కావాలె. మీ అసొంటి కాకులను తోలుకపోతే పన్ను కాదు గదా, పెంక ముక్క గూడ దొరకది."

మర్నాడు నన్ను వెంట తీసుకుపోయింది. అప్పటి నుంచి నేను ఆ ఇంటి మనిషినయ్యాను.

ఎండ ఎదురుగా ఉండేటట్టు నడవాలి. అప్పుడే పన్ను మెరుస్తుంది. ఆమె ముందు నడిచేది, నేను ఆమె అడుగుల్లో అడుగులు వేసేదాన్ని. ఏదైనా దొరికితే కొంగుతో తుడిచి నాలుక కొసకు ఆనించేది. పంటి మొదలు నాలుకకు అతుక్కుంటే అది ఎముక జాతి, జారిపోతే ఉత్త రాయి. నాకూ ఇచ్చేది. నేను నాలుకకు ఆనించి తల ఊపేదాన్ని, లేదంటే అడ్డంగా తిప్పేదాన్ని. పొద్దు నెత్తికి వచ్చేదాకా ఇద్దరి మధ్య అదే మాట.

దొరికిందంటే మాత్రం పొద్దటి నుంచి ఆపుకున్నదంతా ఒక్క కేకలో బయటికి వచ్చేది. "దొరికిందిరో!" అని గంగ వైపు తిరిగి అరిచేది. అవతలి ఒడ్డున పశువులు కాసేవాళ్లు బదులు అరిచేవాళ్లు. ఊళ్లో పిల్లతల్లి ఆ కేక విని పసుపు నానబెట్టుకునేది.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా మాట్లాడేది. "పన్నును దేవులాడకు బిడ్డా, నేలను చూడు. అదే అగుపడ్తది" అనేది. "గడ్డ కింద మాత్రం నిలవడకు. గడ్డకు అవ్వ లేదు, బాపు లేదు" అనేది.

నాకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. అత్త ఐదు రోజులు తిరిగి దానికి పన్ను ఏరుకొచ్చింది. ఊళ్లో ఏ పిల్లకూ అంత మంచి పన్ను దొరకలేదు.

ఇక రాయవలసింది రాయాలి.

మూడేళ్ల కిందటి ఎండాకాలం కలకత్తా నుంచి కొందరు వచ్చి, ఊరికి రెండు కోసుల దూరంలో డేరాలు వేశారు. పాత ఎముకలు తవ్వుతారని చెప్పుకున్నారు. ఒక మధ్యాహ్నం ఇంట్లో నేనూ బిడ్డా మాత్రమే ఉన్నాము. కళ్లద్దాల సారు ఒకాయన, ఆయన వెంట ఆసిఫాబాదు గుమాస్తా నీళ్లు అడిగి వాకిట్లో కూర్చున్నారు. సారు బిడ్డ మెడలో పన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, సాబ్ జర చూస్తడట, ఇయ్యి" అన్నాడు గుమాస్తా.

నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. పరాయి మగవాళ్లతో ఎన్నడూ మాట్లాడలేదు. దారం విప్పి గడప మీద పెట్టాను. చూసి ఇస్తారనుకున్నాను.

సారు దాన్ని అద్దం కింద పెట్టి చూసి ఏదో చెప్పాడు. గుమాస్తా నాకు చెప్పాడు: "సొర అని చేప ఉంటదట. దాని పన్నట. రాముడు పుట్టకముందు గీడ పెద్ద నీళ్లుండెనట. చదువుకున్నోళ్లకు గిది చానా ముఖ్యమట అమ్మా."

సారు పన్నును దూదిలో చుట్టి రేకు డబ్బాలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. బిడ్డ చేతికి బిస్కెట్ల పొట్లం ఇచ్చాడు. నేను ఇచ్చేశాననే ఆయన అనుకున్నాడు. ఆయనది తప్పని నేను అనను. వద్దని నేను అనలేదు కదా.

సాయంత్రం అత్త వచ్చింది. బిడ్డ బోసి మెడను చూసింది, నోట్లో బిస్కెట్టును చూసింది.

"దారం ఏదే?"

ఏడుస్తూ చెప్పాను.

"ఇయ్యనని ఒక్క మాట అనరాదా? మీద పడి గుంజుకుంటరా? నీ నోట్లె ఏం పెట్టుకున్నవే పోరీ!"

తెల్లవారకముందే డేరాల దగ్గరికి పరుగెత్తింది. ఎండ ఎక్కాక తిరిగి వచ్చి గడప మీద కూలబడింది. "పోయిండ్రు. లారీల ఎక్కి పోయిండ్రు. గుంజలు పాతిన బొక్కలే ఉన్నయి" అంది.

ఆ రోజు నుంచి, ఇంట్లో ఎవరికీ చెప్పనివ్వకుండా, రోజూ గడ్డలకు పోయింది. వాన లేని నేల, మట్టి కరగదు, పన్ను బయటికి రాదు. బిడ్డకు పై చిగురు ఉబ్బింది, జ్వరం వచ్చింది, తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. బండి కట్టి చెన్నూరు తీసుకుపోయి మందు తెచ్చాము. ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాము. మిరుగం ఇంకా ఆరు రోజులుందనగా నా బిడ్డ పోయింది.

ఆ పన్ను ఉంటే బతికేదని నేను అనడం లేదు. అనకుండానూ ఉండలేకపోతున్నాను.

బిడ్డను ఒడిలోంచి తీసుకునేటప్పుడు మా వదిన, అంటే మా ఆయన అక్క, మెడ తడిమి చూసింది. ఆమెను గంగ అవతలి ఊరికి ఇచ్చారు.

"దారం ఏది?" అని అడిగింది. ఇల్లంతా నా వైపు చూసింది. నా నోరు అప్పుడూ లేవలేదు.

"నేనే విప్పిన" అంది అత్త. "తానం పోసేటప్పుడు విప్పి గంగల జారిచ్చిన. దాన్నేమడుగుతవ్, నన్నడుగు."

"ఊరందరి పిల్లలకు కట్టినవ్. నీ ఇంటి పిల్లది గంగల ఏసినవా అవ్వా?" అంది వదిన.

నన్ను పుట్టింటికి పంపుతారని అత్తకు తెలుసు. బిడ్డను మింగిన తల్లి అని పేరు పడితే మళ్లీ తీసుకురారనీ తెలుసు. ఆ రాత్రే నా తల నిమురుతూ అంది: "నువ్వు పడుసుదానివి, ఈ మాట మోసుకుంట బతకలేవు. నాకేమున్నది, మోస్త. నువ్వు మాత్రం ఎవలికీ చెప్పకు."

ఆ తర్వాత ఆమెను ఎవరూ దారం కట్టడానికి పిలవలేదు. ఎదురుపడితే పిల్లలను అవతలి చంకకు మార్చుకునేవాళ్లు. వదిన మూడేళ్లలో రెండు సార్లు వచ్చింది, అత్త ఇచ్చిన నీళ్లు ముట్టలేదు. అత్త గడ్డల వైపు పోవడం మానేసింది. ఒక్కసారి కూడా నన్ను నిష్ఠూరమాడలేదు. నేనూ ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు.

ఈ ఏడు నాకు మళ్లీ నెల తప్పింది. ఐదో నెల. అత్త వానకోసం కాచుకుని కూర్చుంది. మూడో రోజు తెల్లవారుజామున లేచి, నాకు సైగ చేసి, గొంగడి కప్పుకుని పోయింది. నా పాదాలు బురదలో పడవద్దని వెంట రానివ్వలేదు.

గడ్డ పక్క చేనులోనే ఇద్దరు దున్నుతున్నారు. పిలిస్తే పలికేంత దూరం. మన్ను పడ్డ చప్పుడు విన్నారు. వానకు గడ్డలు పడుతూనే ఉంటాయి, పట్టించుకోలేదు. "కేక ఇనరాలే. ముసలామెకు ఇంక దొరకలేదనుకున్నం" అన్నారు. మధ్యాహ్నం ఎడ్లకు నీళ్లు తాగించడానికి దిగి చూశారు. రొమ్ము దాకా మట్టిలో ఉంది. ముఖం మీద మన్ను లేదు. నోరు గట్టిగా మూసుకుని ఉంది. పిడికిళ్లు విప్పి చూశాము, పన్ను లేదు.

మట్టి బరువుకు ఊపిరాడక అరవలేకపోయిందని మా ఆయన అంటాడు. కావచ్చు. నాకు మాత్రం వేరేగా తోస్తుంది. ఈసారి నా బిడ్డ పేరున ఏరుతోంది కదా, పన్ను దొరకకముందు నోరు విప్పకూడదని పెదవులు బిగపట్టుకుందేమో. అరిస్తే బతికేది.

పిట్టకు పిండం పెట్టే రోజు గంగ ఒడ్డున ఆకులో అన్నం పెట్టాము. కాకి రాలేదు. పొద్దు వాలుతోంది. "మనసుల ఏదో ఉండి పోయింది" అన్నారు పెద్దలు. చివరికి ఆ అన్నం గంగలో వదిలి, అందరూ స్నానాలకు దిగారు. వదిన ఒక్కతే తడి ఇసుక మీద ఉండిపోయింది. నేను పోయి ఆమె పక్కన కూర్చుని చెప్పాను. కళ్లద్దాల సారు, గడప, బిస్కెట్లు, అన్నీ. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే.

వదిన ఇసుకను గుప్పిట పట్టి వదిలింది.

"గిప్పుడు ఎవలికి చెప్తున్నవ్? మూడేండ్లు నేను ఆమె చేతి నీళ్లు తాగలే. గిప్పుడు ఎవల చేతి నీళ్లు తాగాలె?"

"అందరికీ చెప్త వదినా. ఆయనకు చెప్త. నన్ను పంపిస్తె పంపియ్యనియ్యుండ్రి."

"చెప్పకు" అంది. "నీ మీద పేమతోటి, పావురంతోటి కాదు. మా అవ్వ పానం పోయేదాంక నిలబెట్టిన మాట, నీ నోటితోటి అబద్ధం చెయ్యకు. ఇగ నేను మోస్త."

చెప్పనని మాట ఇచ్చాను.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు అచ్చు వేయమని అడుగుదామనుకున్నాను. మా అత్త దారం పోగొట్టలేదని ఎవరో ఒకరికి తెలియాలి. ఇప్పుడు మీకు తెలిసింది. మీరు మా ఊరు ఎరుగరు, నన్ను ఎరుగరు, అందుకే చెప్పగలిగాను. వదినకు ఇచ్చిన మాట కోసం దీన్ని అచ్చు వేయకండి, తిరిగి పంపకండి. ఇక్కడికి ఉత్తరం వస్తే మా ఆయనే చదువుతాడు. చదివాక పొయ్యిలో వేయండి.

పిట్టకు పెట్టిన ఆ సాయంత్రమే వదిన నావ ఎక్కింది. అన్నం తినిపొమ్మంటే వినలేదు. నేను ఒడ్డునే నిలబడ్డాను. గంగ అప్పటికే ఎర్రబారి పారుతోంది. అవతలి ఒడ్డున మనుషులు వేలెడంత కనిపిస్తారు. నావ ఆగింది, ఒక్కొక్కరే దిగి గట్టెక్కారు, ఒక ఆడమనిషి మేకను దించుకుంది. వదిన దిగలేదు. ఇవతల ఎక్కవలసిన వాళ్లు కేకలు వేస్తున్నారు. నావవాడు గడను ఇసుకలో గుచ్చి, దానికి ఆనుకుని, ఆమె లేచేదాకా అట్లాగే నిలబడ్డాడు.