అయ్యగారి నోట్సు చెరిపిన చెయ్యి

ఒక మంచి మనిషి మీద నేను వేసిన నింద ఏడేళ్ళుగా నా గుండెలో బండలా కూర్చుని ఉంది. అది నింద అని ఆమెకే తెలియదు. మా సంఘంలో ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇక్కడ నా పేరు రాయనక్కర్లేదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇందులో కూడా ఎంత జాగ్రత్తో చూడండి.

మాది చెన్నై పురసవాక్కంలో చీరల కొట్టు. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. ఆటో ఎక్కినా, గోడకు సున్నం వేయించినా, చివర్లో లెక్కలోంచి ఏదో ఒకటి కొట్టేయించుకోకపోతే నాకు అన్నం అరగదు. కొట్టేయించుకున్నది నాకు అవసరమైనదే అయినా సరే.

మా తెలుగు చర్చి చింతాద్రిపేటలో. పాత పాస్టరు అయ్యగారు పోయాక, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆయన భార్య శనివారం స్త్రీల కూడిక నడిపేవారు. పూలమ్మేవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు వచ్చేవారు. ఆమెకు ఆధారం అయ్యగారి కంప్యూటరు. అందులో బైబిలు చదువుకునే ప్రోగ్రాము ఒకటి ఉండేది. వచనం పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే, ఆ వచనం మీద అయ్యగారు రాసుకున్న నోట్సు తెరుచుకునేది. ఇరవై ఏళ్ళ రాత. కొన్నిచోట్ల పెద్ద పాఠమే ఉండేది. కొన్నిచోట్ల 'ఇది నాకింకా అర్థం కాలేదు' అని మాత్రం ఉండేది. అమ్మగారు అదీ చదివి వినిపించేవారు. ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆ మిషను ముసలిదైపోయింది. పాత విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావని తెర మీద రోజూ హెచ్చరిక. కొత్తది కొందామని చర్చి కమిటీ అంది. నేను లేచాను. కొనక్కర్లేదు, విండోస్ తీసేసి లినక్స్ వేయిద్దాం, అది ఉచితం, ఆ బైబిలు ప్రోగ్రాము విండోస్ కోసం చేసినదే అయినా దీంట్లోనూ నడిపించే దారి ఉంది అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. మెప్పు కూడా నాకు లాభం కిందే లెక్క.

రిపేరు షాపాయన మంచివాడు. డిస్కు తుడిచే ముందు మొత్తం ఒక కాపీ తీసి పెడతానన్నాడు, ఆ పనికి విడిగా ఇవ్వాలన్నాడు. కొట్టేయించుకోవడానికి నాకు ఒకటి దొరికింది. ఫోటోలు, పాటలు, డాక్యుమెంట్లు నేనే పెన్‌డ్రైవులో ఎక్కించుకున్నాను, ఆ కాపీ వద్దు అన్నాను. ఆయన రెండోసారి అడిగాడు. నవ్వేశాను. నోట్సు ఆ ఫోల్డర్లలో ఉండదనీ, ప్రోగ్రాము తన లోపలే ఎక్కడో దాచుకుంటుందనీ నాకు తెలియదు. తెలియక చేసినదాన్ని ఎవరైనా మన్నిస్తారు. నేను చెప్పదలచుకున్నది అది కాదు.

మిషను తెచ్చి అమ్మగారింట్లో పెట్టాను. ప్రోగ్రాము తెరుచుకుంది, యోహాను మూడో అధ్యాయం వచ్చింది. టీ తాగి వచ్చేశాను. నాలుగో రోజు ఆమె ఫోను చేస్తే వెళ్ళి చూశాను. వచనాలున్నాయి. పక్కన గుర్తులు ఒక్కటీ లేవు. ఏం జరిగిందో నిమిషంలో అర్థమైంది. ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను, నిజంగానే వెతుక్కుంటున్నాను, అంతలో ఆమే అడిగారు.

"ఏం నాయనా, నేనేమన్నా తప్పుగా నొక్కేశానా?"

నేను తెర వైపే చూస్తూ మౌసు కదిపాను.

"నిన్న ఈడ ఒక పెట్టె మాదిరి వొచ్చింది. ఇంగ్లీషులో ఏందో అడిగింది. పోనీలే అని అవునని నొక్కేస్తిని. దాంట్లోనే పోయిందా?"

బేరంలో ఎదుటివాళ్ళు మనం ఆశించినదానికంటే ఎక్కువకు తామే ఒప్పుకుంటే, ఊపిరి బిగబట్టి ఊరుకోవాలని మా నాన్న నేర్పాడు. ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. ఊరుకోలేదు.

"అయ్యుండొచ్చు అమ్మగారూ. అట్టాంటివి చూసి నొక్కాల."

"నా చేతులు పడిపోను," అంటూ ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. తర్వాత నన్నే ఓదార్చారు. "నువ్వు బాధపడబాక నాయనా. నువ్వు బాగనే చేసిస్తివి. నేనే చెడగొట్టుకుంటిని."

ఆమె చెప్పిన ఆ పెట్టె ఏమిటో కూడా చూశాను. ప్రింటరు గురించి అడిగేది. రిపేరు షాపాయనకు ఫోను చేశాను. పాతదాని మీద కొత్తది రాసేశాం కదా సార్, ఇంక రాదు అన్నాడు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో అమ్మగారు లేచి నిలబడ్డారు. అయ్యగారి కష్టమంతా నా అజాగ్రత్త వల్ల పోయింది, దేవుడూ సంఘమూ నన్ను క్షమించాలి అని ఏడుస్తూ ఒప్పుకున్నారు. సంఘమంతా ఆమెన్ అంది. మూడో వరసలో కూర్చున్న నేనూ అన్నాను. గట్టిగానే అన్నాను. ఎందుకన్నాను? నోరు కదపకపోతే పక్కవాడు చూస్తాడని. చెయ్యని తప్పును ఆమె అంతమంది ముందు ఒప్పుకుంటుంటే, చేసినవాణ్ణి నేను, ఆ తప్పు ఆమెదేనని దేవుడి ఎదుట సాక్షిసంతకం పెట్టినట్టు ఆమెన్ అన్నాను. లేచి కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది?

శనివారం కూడిక ఇంకో రెండు వారాలు నడిచి ఆగిపోయింది. కొన్నాళ్ళకు అమ్మగారు నన్ను పిలిపించారు. "ఈ మిషను నువ్వే తీసకపో నాయనా. నా చెయ్యి మంచిది కాదు." తీసుకుపోయాను. ఊరికే వస్తుంటే వద్దనే మనిషినా నేను? కొట్లో పెట్టుకున్నాను. చక్కగా పనిచేసింది.

ప్రతి క్రిస్మస్‌కూ చెప్పేద్దామనే వెళ్ళేవాణ్ణి. పెద్ద కేకు, బేరమాడకుండా కొన్నది, ఆమె చేతిలో పెట్టేవాణ్ణి. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. వచ్చేసేవాణ్ణి.

పోయిన ఏడాది ఆమె చనిపోయారు. తానే చెరిపేశానని నమ్ముతూనే పోయారు. ఇప్పుడు నేను ఒప్పుకుంటున్నాను. నిలదీయడానికి మనిషి లేనప్పుడు ఒప్పుకోవడం ఎంత చవకో నాకు తెలియదా? మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ హక్కు మీది కాదు, అది ఉన్నవాళ్ళు ఇప్పుడు లేరు. కానీ ఈ మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అయ్యగారి నోట్సు అమ్మగారు చెరపలేదు. నేను చెరిపాను. చెరిపి, ఆమె మీదకు నెట్టాను.

ఇంత చిన్న మాటా ఇది? రాశాక చూసుకుంటే రెండు వరసలు కూడా లేవు. ఏడేళ్ళ తర్వాత ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది.